లచ్చయ్య తొక్కించిన మన్ను

అల్మాస్‌గూడలో లచ్చయ్య ఇంటికి ఎవరు వెళ్ళినా ముందు మన్ను తొక్కాలి. అది ఆయన పెట్టిన రూలు. చుట్టాలైనా, పోస్టుమాన్ అయినా, పెళ్ళిపత్రిక పట్టుకొచ్చిన పెద్దమనిషైనా, గుమ్మం బయట చెప్పులు విడిచి, పంచె గానీ ప్యాంటు గానీ మోకాళ్ళ పైకి ఎగదోపి, వాకిట్లో ఉన్న గుంతలోకి దిగి, అందులో నానుతున్న ఎర్రమన్నును కాసేపు తొక్కితే తప్ప ఆ ఇంట్లో మంచినీళ్ళు పుట్టవు. తొక్కాక మాత్రం లచ్చయ్యే చెంబుతో నీళ్ళు పోసి కాళ్ళు కడిగిస్తాడు. చాయ్ ఇస్తాడు, ఉడికించిన శనగ గుడాలు పెడతాడు, వెళ్తానంటే చేయి పట్టుకుని మళ్ళీ కూర్చోబెడతాడు. అన్ని మర్యాదలూ ఉన్నాయి. కాకపోతే వాటికి దారి బురదలోంచి.

లోకంలో అతిథి మర్యాదలు రకరకాలు. కొన్నిచోట్ల అత్తరు రాస్తారు. కొన్నిచోట్ల ముందు తీపి నోట్లో పెట్టి, ఆ తర్వాతే పేరడుగుతారు. ఎంత పేద ఊరైనా వచ్చినవాడి కాళ్ళకు నీళ్ళివ్వడం ఉంది. కానీ కాళ్ళకు నీళ్ళివ్వడంతో ఆగకుండా, కడుక్కోవడానికి తగిన కారణాన్ని కూడా తానే సమకూర్చే ఇల్లు మాత్రం, ఎన్ని ఊళ్ళు తిరిగినా, అల్మాస్‌గూడలో అదొక్కటే.

"ముసలాయన పక్కా పిసినారి. కూలీలను పెట్టకుండ జనం తోని పని ఎల్లదీసుకుంటుండు" అని కాలనీవాళ్ళ తీర్మానం. ఆ మాట అన్నవాళ్ళంతా ఏదో ఒకరోజు ఆ గుంతలో దిగినవాళ్ళే. దిగకుండా అన్నవాడెవడూ లేడు.

అంత మన్ను ఎందుకూ అంటే, అది మన్నుతో కట్టిన ఇల్లు. లచ్చయ్య భార్య అండాలమ్మ తాత కట్టించాడు. అప్పటికి హైదరాబాదు ఇంకా మూసీ ఒడ్డునే బుద్ధిగా కూర్చుని ఉంది, ఇక్కడంతా జొన్నచేలు. పునాదికి ఆ చేలల్లో ఏరిన బండరాళ్ళు. గోడలకు చెరువుమట్టీ పాటిమన్నూ కలిపి, తరిగిన గడ్డీ పేడా వేసి మగ్గబెట్టిన ముద్దలు. పైన టేకు దూలాలు, వెదురు వాసాలు, కుమ్మరి చేత్తో చేసిన గూనపెంకులు. బయటినుంచి కొన్నదంటూ ఉంటే తలుపుల గొళ్ళేలే. గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. మే నెలలో చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్లలో ఏసీలు రొప్పుతుంటే, ఆ ఇంట్లో మధ్యాహ్నం నిద్రకు దుప్పటి కావాలి.

ఇంటిని ఆనుకుని పశువుల కొట్టం. ఇంటికంటే కొట్టమే పెద్దది. పైన గడ్డి దాచే అటుక, మూలన మనిషి దిగితే మునిగిపోయే ధాన్యపు గరిసె, ఎద్దుల మెడలు రాసుకుని రాసుకుని నున్నబడిన గుంజలు. ఎద్దులు పోయి చాలాకాలమైంది గానీ ఆ గుంజల నునుపు పోలేదు. ఆ కాలపు రైతుకు ఎద్దుల మీద ఉన్న గౌరవం అల్లుళ్ళ మీద ఉండేది కాదని లచ్చయ్య అంటాడు. ఆయన ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు.

"పెండ్లయిన కొత్తల నన్ను కొట్టంలనే పండవెట్టిండ్రు. ఎడ్లకు కోపమొచ్చింది" అని చెబుతాడు.

మట్టి ఇల్లు కట్టి వదిలేసేది కాదు, సాకవలసింది. వానాకాలం గోడను కొంచెం కొంచెంగా నాకుతుంది. ఎండలు ముదిరాక ఆ నాకిన మేర మళ్ళీ మెత్తాలి. ఏ ఊళ్ళోనైనా అది ఏడాదికోసారి వచ్చే పని. వచ్చి నాలుగు రోజుల్లో పోతుంది. లచ్చయ్య గుంత మాత్రం ఏడాది పొడవునా తడిగా ఉంటుంది. ఉగాదికి తొక్కాలి, దసరాకు తొక్కాలి, చలికాలం పొద్దున్నే పాలవాడు పళ్ళు టకటకలాడిస్తూ తొక్కాలి. అదే ఎవరికీ అంతుబట్టని సంగతి.

ప్రసన్నకుమార్ ఈ రూలు సంగతి తెలియక వెళ్ళినవాడు. ఆయనది రాజోలు దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. లచ్చయ్య ఇంటి పక్కనే లేచిన అపార్ట్‌మెంట్లో ఫ్లాటు కొనుక్కుని, గృహప్రవేశానికి పిలవడానికి భార్య విజయదుర్గతో కలిసి వచ్చాడు. ఆమె పట్టుచీర కట్టుకుని చేతిలో కుంకుమభరిణె పట్టుకుంది. ఆయన ఇస్త్రీ ప్యాంటులో ఉన్నాడు.

"బాబాయిగారూ, మేం పక్క బిల్డింగులోకి కొత్తగా వచ్చామండీ. ఆదివారం వ్రతం పెట్టుకున్నాం."

"మంచిగైంది సారూ. చెప్పులిడువుండ్రి."

విడిచారు.

"పైంటు జర మీదికనుండ్రి."

"ఎందుకండీ?"

"తడుస్తది."

ఏం తడుస్తుందో అడిగేలోగా ఆయన భుజం మీద లచ్చయ్య చేయి పడింది, కాళ్ళు గుంతలో పడ్డాయి. వసారాలో నులకమంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలావిడ విజయదుర్గను తేరిపార చూసి తీర్పు చెప్పింది.

"గా బిడ్డను ఇడిచిపెట్టు, పట్టుచీరె కట్టుకున్నది. సారు ఒక్కడు సాలు."

ఆవిడే అండాలమ్మ. నడుం కిందినుంచి కాళ్ళు పడిపోయి కొన్నేళ్ళైంది గానీ, గొంతు మాత్రం చౌరస్తా దాకా నడిచి వెళ్ళగలదు.

"మడిమె తోని తొక్కు సారూ, మడిమె తోని. వేళ్ళ తోని తొక్కితె గోడ నవ్వుతది."

"గోడ నవ్వడమేంటి పిన్నిగారూ?"

"పగుళ్ళు వడుతది. ఏ ఊరు మీది?"

"రాజోలు దగ్గరండి."

"గాడ మన్ను లేదా?"

"ఉందండి. ఇలా పట్టుకుని దింపేవాళ్ళు లేరు."

అండాలమ్మ నవ్వింది. నవ్వుతూనే ఎడమకాలు బద్ధకంగా పడుతోందని తప్పు పట్టింది. ఆ తర్వాత రాజోలులో వానలెట్లుంటాయో, విజయదుర్గ పుట్టింటివాళ్ళెవరో, ఆమెకు పులుసు పెట్టడం ఎవరు నేర్పారో, అన్నీ ఆరా తీసింది. ఇంటికి వచ్చాక ప్రసన్నకుమార్ వేళ్ళ సందుల్లోంచి మన్ను తీసుకుంటూ కూర్చున్నాడు.

"వాళ్ళింట్లో మనుషులు ఎలాంటివాళ్ళంటావు?" అన్నాడు.

"మంచివాళ్ళేనండీ. ఈసారి మీరు లుంగీలో వెళ్ళండి" అంది విజయదుర్గ.

ఆయన లుంగీలో వెళ్ళడం మొదలుపెట్టాడు. వెళ్ళినకొద్దీ ఆ గుంత మహిమ తెలిసొచ్చింది. ఒకసారి పక్కింటి కుర్రాడి పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్ దారి అడగడానికి ఆగాడు.

"డ్యూటీల ఉన్న తాతా" అన్నాడు.

"డ్యూటీ గట్టు మీద వెట్టు. గుంతల నీతోని దానికేం పని?" అన్నాడు లచ్చయ్య.

కానిస్టేబుల్ టోపీ అండాలమ్మ ఒళ్ళోకి చేరింది. మనిషి గుంతలోకి చేరాడు. కాసేపటికి ఆయన తన కూతురు తనతో మాట్లాడటం మానేసిన సంగతి చెబుతున్నాడు. మన్ను తొక్కేవాడికి కళ్ళు కాళ్ళ మీద ఉంటాయి. ఎదుటివాళ్ళ ముఖం చూడక్కర్లేదు. అందుకేనేమో, గుమ్మంలో నిలబడి చెప్పలేనివి గుంతలో నిలబడి చెప్పేస్తారు.

"నువ్వు పోయి మాట్లాడు. ఆమె మాట్లాడాల్నా, నువ్వు మాట్లాడాల్నా? నీకు టోపీ ఉన్నది గని తెలివి లేదు" అని అండాలమ్మ టోపీ తిరిగి ఇచ్చింది.

ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి పరివారంతో సహా వచ్చాడు. ఆయన ఖద్దరు పైజామా ఎగదీసి దిగగానే ఫొటోలు తీశారు. నాయకుడు దిగాక తాము గట్టున నిలబడితే బాగుండదని అనుచరులంతా దిగారు. గుంతలో చోటు చాలక ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు.

"మన్ను తొక్కుండ్రి, మనుషులను గాదు. ఇప్పటినుంచే అలవాటు జేసుకోకుండ్రి" అంది అండాలమ్మ మంచం మీంచి.

ఇక ఇంటింటికీ అన్నం పొట్లాలు తెచ్చే బైకువాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కాలనీలో ఎవరైనా బిర్యానీ ఆర్డరు పెట్టి ఫోనులో చూస్తూ ఉంటే, బైకు బొమ్మ లచ్చయ్య ఇంటి దగ్గరికి రాగానే కదలకుండా నిలబడిపోతుంది. అప్పుడు వాళ్ళు కస్టమర్ కేర్‌కు ఫోను చేయరు. "మడిమె కాడికొచ్చింది, ఇంకో పది నిమిషాలు" అనుకుని పళ్ళాలు కడుక్కుంటారు.

ఇలా అందరి కాళ్ళూ పడ్డాక అందరికీ ఆ ఇంటి మీద ఒక రకం హక్కు వచ్చింది. "ఆ కొట్టం గోడల నా కాలున్నది" అని ఎలక్ట్రీషియన్ అనేవాడు. కరెంటు బిల్లు తీసేవాడు వానాకాలం రాగానే తన గోడ ఎలా ఉందో అడిగేవాడు. నిజానికి ఎవరి మన్ను ఏ గోడకు చేరిందో ఎవరూ చూడలేదు. చేరిందనే నమ్మకం చాలింది.

ప్రసన్నకుమార్‌కు మాత్రం నమ్మకం చాల్లేదు. లెక్కల మనిషి. అంతమంది అన్నేళ్ళు తొక్కిన మన్నంతా మెత్తితే ఆ ఇల్లు ఈపాటికి గోల్కొండ కోట ప్రహరీ అంత లావు కావాలి.

"బాబాయిగారూ, ఆ మన్నంతా ఎటు పోతోందండీ?"

"గోడ తాగుతది సారూ."

"మన్నును గోడ ఎలా తాగుతుందండీ?"

"దూపైతె తాగదా?"

"మరీ అంత దాహమా?"

"పాత గోడ గద" అని లచ్చయ్య చెంబు తెచ్చేవాడు. చెంబు వచ్చిందంటే ప్రశ్నల వేళ అయిపోయినట్టు.

ఆ ఇంటి మీద ప్రసన్నకుమార్‌కు నిజంగానే ప్రేమ పుట్టింది. ఎల్బీ నగర్ నుంచి మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, అద్దాల భవనాల మధ్య రోజంతా పాఠం చెప్పి వచ్చే మనిషికి, ఆ చల్లటి గోడకు వీపు ఆనించి చాయ్ తాగడం ఒక వైద్యంలా పనిచేసింది. ఇలాంటి ఇల్లు ఇంకొకటి ఈ చుట్టుపక్కల ఉందేమోనని సెలవురోజుల్లో చంపాపేట్ సందులన్నీ తిరిగాడు. ఒకచోట గుమ్మం మిగిలింది, ఇల్లు లేదు. ఒకచోట బావి మిగిలింది, అందులో నీళ్ళు లేవు.

ప్రేమ పుడితే ఊరుకోవాలి. ఆయన ఊరుకోలేదు. అక్కడ మొదలైంది చిక్కు.

ఆ స్థలంలో సగం అండాలమ్మది, సగం చనిపోయిన ఆమె చెల్లెలిది; ఇల్లు సరిగ్గా మధ్యలో ఉండటంతో పంచుకోవడానికి లేదు. చెల్లెలి కొడుకు శ్రవణ్‌కుమార్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉంది. బిల్డర్లు ఎప్పటినుంచో చుట్టూ తిరుగుతున్నా, పెద్దమ్మా పెద్దనాన్నా ఉన్నన్నాళ్ళు చూద్దాంలే అని అతను వాయిదా వేస్తూ వస్తున్నాడు. ప్రసన్నకుమార్‌కు ఆ వాయిదా చాలదనిపించింది. నేరుగా దుకాణానికి వెళ్ళి కూర్చున్నాడు.

"శ్రవణ్‌గారూ, ఆ ఇల్లు పాత కట్టడం కింద లెక్కకొస్తే ఇక దాన్ని ముట్టుకోనని మాటివ్వగలరా?"

"లెక్కకు రాకపోతె?"

"వస్తుంది."

"రాకపోతె ఏందని అడుగుతున్న సార్."

"రాకపోతే మీ ఇష్టం."

"సరే, గా మాట మీదనే ఉందాం. పెద్దమ్మ ఇల్లు పడగొట్టాలని నాకు లేదు. కని ఏదో ఒకటి తేలాలె గద" అన్నాడు శ్రవణ్‌కుమార్. అంతవరకూ తేలకుండా హాయిగా ఉన్నదాన్ని తేల్చే పనిలో పడ్డానని ఆ క్షణాన లెక్కల మాస్టారికి తట్టలేదు.

పాత కట్టడాలను కాపాడే ఒక సంఘం నుంచి సంతోషి అనే ఆవిడ వచ్చింది. గుంత చూసి బెదరకుండా, అడక్కముందే చెప్పులు విడిచింది. అండాలమ్మకు నచ్చింది. కాళ్ళు కడుక్కున్నాక సంతోషి ఇల్లంతా తిరిగింది, దూలాలు చూసింది, అటుక ఎక్కింది, గోడలకు అరచేయి ఆనించి నిలబడింది. ఆ చుట్టుపక్కల ఇంత చెక్కుచెదరని ఇల్లూ కొట్టమూ తను చూడలేదంది. ప్రసన్నకుమార్ పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వాడు. అప్పుడు ఆవిడ వాకిట్లోకి వచ్చి గుంత పక్కనున్న గోడ అడుగును వేలితో నొక్కింది. వేలు దిగింది.

"తాతగారూ, ఈ గుంతలోని తడి పునాదిలోకి పోతోంది. ఇట్లనే ఉంటే గోడ నిలవదు. గుంత పూడ్చేసి గోడను ఆరనివ్వాలి. అది చేస్తే మా సంఘం తరఫున నేను రాసిస్తాను. ఇక ఎవరూ దీన్ని కదిలించలేరు."

అంతా అయిపోయినట్టే. ఒక గుంత పూడ్చడం ఎంతసేపు? ప్రసన్నకుమార్ పార కోసం చుట్టూ చూశాడు.

"పూడ్వ" అన్నాడు లచ్చయ్య.

"బాబాయిగారూ, ఆవిడ చెప్పింది మీకు అర్థమైందా?"

"అయింది. గుంత పూడుస్తె ఇల్లుంటది. పూడ్వకపోతె ఇల్లు పోతది. నేను పూడ్వ."

"పోనీ, కొట్టం వెనక్కి మార్చుకోండి."

"కాదు. మంచం కాడికి కనవడాలె."

"మంచానికి గుంతతో ఏం పనండీ?"

"చాయ్ తాగుండ్రి" అన్నాడు లచ్చయ్య.

అండాలమ్మ ఆ పూట ఏమీ అనలేదు. మంచం మీద దిండు సవరించుకుని పెరటివైపు చూస్తూ కూర్చుంది. సంతోషి నెలాఖరు దాకా ఆగుతానని చెప్పి వెళ్ళిపోయింది. ప్రసన్నకుమార్‌కు మాత్రం కోపం ఆగలేదు. ఇన్నాళ్ళూ ముద్దుగా తోచిన పిచ్చి ఒక్కసారిగా పిచ్చిలాగే కనిపించింది.

"అందరూ మిమ్మల్ని పిసినారి అంటే కాదని వాదించేవాణ్ణి. పదిమంది చేత ఊరికే పని చేయించుకునే అలవాటు వదులుకోలేక, ఆవిడ పుట్టిన ఇంటిని పోగొడుతున్నారు" అన్నాడు.

లచ్చయ్య తలవంచుకుని, ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. "జర గా మడిమె కాడ ఇంకింత ఉన్నది సారూ" అన్నాడు అంతే.

ఆ తర్వాత ప్రసన్నకుమార్ అటు వెళ్ళడం మానేశాడు. ఒక ఆదివారం పొద్దున్నే కుళాయిలో నీళ్ళు రాక, ట్యాంకు సంగతి చూద్దామని డాబా పైకి ఎక్కాడు. ఫ్లాటు బాల్కనీలోంచి లచ్చయ్య వాకిలి మాత్రమే కనిపిస్తుంది. డాబా మీంచి కొట్టం వెనక భాగం కూడా కనిపించింది.

అక్కడ నేలంతా మన్నుగడ్డలు ఆరబోసి ఉన్నాయి. లచ్చయ్య గోచీ పెట్టుకుని, ఒక కట్టెతో ఆ ఎండిన గడ్డల్ని పలగ్గొడుతున్నాడు. పలగ్గొట్టిన పొడిని గంపకెత్తి తెచ్చి, ఖాళీగా ఉన్న గుంతలో పోశాడు. మళ్ళీ వెళ్ళి ఇంకో గంప తెచ్చాడు. గట్టున నిన్నటి తడిమన్ను కుప్పగా ఉంది. దాన్ని మోసుకెళ్ళి కొట్టం వెనక ఆరబోశాడు. నీళ్ళు పోసి, తడి చేత్తో గుంత అంచు నున్నగా సవరించి, ఎప్పుడూ ఎవరూ తొక్కనట్టు తయారుచేశాడు. అండాలమ్మ మంచం వైపు ఒకసారి తొంగి చూశాడు.

ప్రసన్నకుమార్ నీళ్ళ సంగతి మరిచిపోయి మెట్లు దిగాడు.

"బాబాయిగారూ, అది నిన్నటి మన్నేనా?"

"మెల్లగ మాట్లాడు సారూ. పండుకున్నది."

"గోడ తాగుతుందన్నారు."

"ఏడాదికొక్కపారి తాగుతది. తక్కిన దినాలంత గిదే మన్ను."

"ఎన్నికలప్పుడు తొక్కింది?"

"గిదే."

"కానిస్టేబుల్ తొక్కింది? నేను తొక్కింది?"

"గిదే మన్ను. మంచి మన్ను సారూ. ఎంతమంది తొక్కినా ఏమనదు."

ఎలక్ట్రీషియన్ కాలూ, కరెంటు బిల్లువాడి కాలూ, పెళ్ళిపత్రిక పెద్దమనిషి కాలూ ఒక్కొక్కటిగా ప్రసన్నకుమార్ కళ్ళ ముందు గోడలోంచి ఊడి వచ్చేశాయి. నవ్వాలో ఏడవాలో తెలియక గట్టు మీద కూర్చున్నాడు. లచ్చయ్య పక్కన కూలబడి, గొంతు తగ్గించి చెప్పాడు.

"గీ గోడల పనంత ఆమెదే ఉండె సారూ. మా మామ పోయినంక అండాలు తొక్కితేనే మన్ను, అండాలు మెత్తితేనే గోడ. కాళ్ళు వడిపోయినంక గోడ దిక్కు మొకం వెట్టి పండుకున్నది. మాట లేదు, ముచ్చట లేదు. నాలుగు మెతుకులు తింటె తిన్నట్టు. గా యేడు ఎండాకాలం గోడకని మన్ను కలిపి వెట్టిన. గ్యాసు బండ తెచ్చినాయన సూసుకోక గుంతల కాలు వెట్టిండు. దిగవడ్డడు. ఎల్లొచ్చెటందుకు కొట్టుకుంటుండు. ఆమె ఇటు మర్లింది. 'వేళ్ళ తోని గాదురా, మడిమె తోని' అన్నది. ఎన్ని నెలలకు అన్నది సారూ గా మాట."

"తర్వాత?"

"గాయనను నేను బయటికి రానియ్యలే. ఇంకింత తొక్కు, ఇంకింత తొక్కు అన్న. ఆ పూట బుక్కెడన్నం ఎక్కువ తిన్నది."

కొట్టం పెంకుల మీద పిచ్చుకలు గోల చేస్తున్నాయి. లచ్చయ్య కాలివేలితో మట్టిగడ్డ ఒకటి చిదిపాడు.

"ఎవరు గేటు కాడికొచ్చినా కాయితమిచ్చి పోతుండ్రు. మంచంల ఉన్న మనిషిని ఎవరు పలకరిస్తరు? ఊరికె నిలవడుమంటె నిలవడరు. గుంతల దించితె ఎటు పోతరు? గోడ పని తన చెప్పుచేతలనే నడుస్తున్నదనుకుంటది. తప్పులు వడుతది, తిడుతది. దినం మంచిగ పోతది."

"ఈ మాట సంతోషిగారితో చెప్పొచ్చు కదండీ. ఏదో దారి వెతికేవాళ్ళం."

"ఆమెకు చెప్తె కాలనీకి తెలుస్తది. కాలనీకి తెలిస్తె పొద్దుమీకేసరికి అండాలుకు చేరుతది. ఉత్తుత్త మన్ను తొక్కిపిస్తున్నమని ఎరుకైతె మల్ల గోడ దిక్కే మర్లుతది సారూ. గోడ ఉంటె ఏంది, పోతె ఏంది? ఆమె ఇటు దిక్కు సూడాలె. నువ్వు గూడ ఎవలకు చెప్పనని మాటియ్యి."

ప్రసన్నకుమార్ మాటిచ్చాడు. విజయదుర్గకు కూడా చెప్పలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో భార్యకు చెప్పకుండా దాచిన సంగతి అదొక్కటే. అది కడుపులో పెట్టుకుని ఆయన సంతోషి చుట్టూ తిరిగాడు. గుంత ఉండగానే ఏదైనా చేయలేమా అని బతిమాలాడు. పునాది ఆరకపోతే ఏ కాగితమూ గోడను నిలబెట్టలేదని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. గుంత ఎందుకు ఉండాలో ఒక్క కారణం చెప్పమంది. కారణం నాలుక చివర ఉంది. మాటిచ్చి ఉన్నాడు.

నెలాఖరు వచ్చింది, పోయింది; గుంత అలాగే ఉంది, స్థలం బిల్డరుకే అని తేలింది. శ్రవణ్‌కుమార్ తొందరపెట్టలేదు. వానలు వెళ్ళేదాకా ఆగుతానన్నాడు. చంపాపేట్‌లో మెట్లు లేని ఇల్లు కిరాయికి చూసి, పెద్దమ్మ మంచం పట్టేంత వసారా ఉందో లేదో తానే కొలుచుకొచ్చాడు. చెడ్డవాడై ఉంటే ప్రసన్నకుమార్‌కు కాస్త సుఖంగా ఉండేది. తనే అతని దుకాణానికి వెళ్ళి 'మీ ఇష్టం' అని రాకపోయి ఉంటే, ఆ వాయిదా ఇంకా ఎన్నేళ్ళు సాగేదోనన్న ఆలోచన ఆయన్ను పాఠం మధ్యలో పట్టుకునేది. బోర్డు మీద సగం రాసి ఆగిపోయేవాడు.

ఆఖరు రోజు పొద్దున పెంకులు దించేశారు, గరిసెను విడదీశారు. సంతోషి వచ్చి రెండు టేకు గుంజలు తీసుకెళ్ళింది. అండాలమ్మ మంచం మాత్రం వసారాలోనే ఉంది. జేసీబీ గేటు ముందు ఆగింది. డ్రైవరు దిగి, సంగతేమిటో కనుక్కుందామని లోపలికి వచ్చాడు.

"చెప్పులిడువు కొడుకా" అన్నాడు లచ్చయ్య.

"ఎందుకు తాతా?"

"మన్ను తొక్కాలె."

"ఏ గోడకు?"

"గీ గోడకే."

డ్రైవరు గోడను చూశాడు. గేటు బయట తన బండిని చూశాడు. మళ్ళీ గుంతను చూశాడు. ఏమనుకున్నాడో, ప్యాంటు మడిచి దిగాడు. దిగి, ఎవరూ చెప్పకుండానే మడమలతో తొక్కడం మొదలుపెట్టాడు. వాళ్ళది దేవరకొండ దిక్కున పల్లె అట. వాళ్ళమ్మ కూడా మట్టి ఇల్లే సాకేదట.

"గిట్ల తొక్కెటోడు ఇన్నేండ్లకు దొరికిండు. మరి ఇన్ని దినాలు ఏడ సచ్చినవ్ బిడ్డా?" అంది అండాలమ్మ.

"గోడలు కూలగొడుతున్న అవ్వా" అన్నాడు అతను, తల ఎత్తకుండా.

కాళ్ళు కడుక్కుని, చాయ్ తాగి, వాళ్ళు వెళ్ళేదాకా బండి స్టార్టు చేయనని చెప్పి గేటు బయట నిలబడ్డాడు.

ఆటో వచ్చింది. అండాలమ్మను ఎత్తి వెనక సీట్లో దిండ్ల మధ్య కూర్చోబెట్టారు. పక్కన లచ్చయ్య. ప్రసన్నకుమార్ ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. చంపాపేట్ రోడ్డు మీదికి వచ్చాక అండాలమ్మ గొంతు వినిపించింది.

"ఇగో, రేపు పొద్దుగాల లేవకు. మంచిగ పండుకో."

"ఎందుకు?"

"పలగ్గొట్టే మన్ను లేదు గద."

ఆటో గతుకులో పడి లేచింది. ప్రసన్నకుమార్ రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు.

"నీకెప్పుడెరుక?" అన్నాడు లచ్చయ్య చివరికి.

"కాళ్ళు వడిపోయినయ్ గని చెవులు పోలే. దినాం పొద్దుగాల కొట్టం ఎనుక దబ్బదబ్బ కొడుతుంటివి. రొట్టెలు జేస్తున్నవనుకుంటరా?"

"మరి గుంత పూడ్వుమని ఒక్క మాటనకపోతివి. ఇల్లు నిలుస్తుండె."

"అంటె ఎరుకున్నదని తెలుస్తుండె. నువ్వు చిన్నవోతుంటివి. గంత కష్టపడి దాసినోనికి గా మాట ఎట్ల చెప్తరు?"

ప్రసన్నకుమార్ కళ్ళు మూసుకున్నాడు. ఆ మన్ను సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ ఒకరి కోసం ఒకరు నోరు కట్టుకున్నారు. ఏ ఒక్కరు నోరు జారినా, నూరేళ్ళు నిలబడ్డ ఆ గోడలు ఇంకో నూరేళ్ళు నిలబడేవి. ఇన్నాళ్ళ పాఠాల్లో ఆయన ఇంత తేలికైన లెక్క తప్పలేదు.

సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. ఇంజను చప్పుడు తగ్గింది. లచ్చయ్య గొంతులో కోపం వినిపించింది; చాలా రోజులుగా కూడబెట్టుకున్న కోపంలా ఉంది.

"ఎరుకుండి గూడ, గిన్నేండ్లల్ల ఒక్క ఆదివారమన్న సెలవియ్యకపోతివి."

"అడిగితె ఇస్తుంటి" అంది అండాలమ్మ.